పాలసీ మొదలయ్యే వేళ

తాతయ్య పాత కారుకు ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. మళ్లీ చేయాలంటే బండిని బందరు నుంచి గుడివాడ తెచ్చి చూపించమన్నారు ఏజెంటు గారు. ఇన్సూరెన్స్ లేకుండా ఎలా తేవాలని అడిగితే నవ్వారు. అది అమ్మకంటే వయసులో పెద్ద కారు, నాకేమో కొత్త లైసెన్సు. గుడ్లవల్లేరు దాటాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. దాన్ని కాలితో తిరగేస్తున్న ముసలావిడ, హారన్ కొట్టినా తలెత్తలేదు. ఆ బ్రేకు రెండుసార్లు తొక్కితే గానీ పట్టదు. కారు ఆవిడ కుచ్చిళ్లకు జానెడు దూరంలో ఆగింది.

గుడివాడలో ఏజెంటు గారు ఫొటోలు తీసుకుని కాగితం చేతికిచ్చారు. ఇక భయం లేదనుకుని తాళం తిప్పాను.

"నెమ్మదిగా వెళ్లమ్మా. పాలసీ రాత్రి పన్నెండు దాటాకే మొదలవుతుంది," అన్నారాయన.

తిరిగి వెళ్లే రోడ్డు మీద ధాన్యం ఎత్తడానికి ఇంకా చాలా పొద్దుంది.