ఇండెక్సుకో డిస్కు, టేబుల్‌కో డిస్కు

కిరందుల్‌లో ఉన్న రోజుల్లో నేను ఇనుప ఖనిజం గని స్టోర్సు వాళ్ల కంప్యూటర్ గదిలో పనిచేసేదాన్ని. కొండమీది యంత్రాలకు విడిభాగాలు కావలసినవాళ్లు మా పక్కనున్న కౌంటర్లకు వచ్చేవారు. వస్తువు పేరు కొడితే అది ఏ షెడ్డులో ఉందో తెరమీద కనబడాలి. పొద్దున షిఫ్టు మొదలై అన్ని కౌంటర్లూ ఒక్కసారిగా అడిగితే మాత్రం తెర అలా నిలిచిపోయేది. నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. లేచి క్యూ చూడటం, గదిలోకి రావడం, మళ్లీ లేవడం.

"ఏంది మేడమ్, మీ మిషన్ పండుకున్నదా? పైన తవ్వే షావెల్ ఖడా ఉంది, పని ఆగింది" అని భద్రాచలం వైపు ఫిట్టర్ ఒకాయన కిటికీ కొట్టేవాడు.

మా ఆఫీసరుది విజయనగరం. వస్తువుల వివరాలుండే టేబుళ్లను ఒక డిస్కు మీద, ఏ వివరం ఎక్కడుందో చూపే ఇండెక్సులను ఇంకో డిస్కు మీద పెడితే పని సగం సమయంలో అయిపోతుందని ఆయన గట్టి నమ్మకం. ట్రైనింగులో అలాగే చెప్పారట. రెండో డిస్కు కోసం పైవాళ్ల వెంట నెలల తరబడి పడ్డారు. వానలకు అది దారిలో గీదంలో ఆగిపోతే, జీపు వేసుకుని తానే వెళ్లి తెచ్చారు.

ఆదివారం ఇండెక్సులన్నీ కొత్త డిస్కులోకి మార్చాం. సోమవారం క్యూ ఎప్పటిలాగే ఉంది.

"ఏటమ్మా, సరిగ్గా పెట్టేవా?"

"పెట్టాను సార్. తేడా రాలేదు."

"రాకుండా ఎలాగుంటాది? మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. తప్పు కనబడలేదు. ఇంట్లో పిల్లలు పలకరిస్తున్నా, నా బుర్ర ఆ గదిలోనే తిరుగుతోంది.

చివరికి ఒక మధ్యాహ్నం, కౌంటర్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఆయన్ను డిస్కుల ముందు కూర్చోబెట్టి కంప్యూటర్ చేత బేరింగులన్నిటినీ వెతికించాను. ఒక డిస్కు లైటు మినుకుమని ఆరింది. అప్పుడు రెండోది వెలిగింది. మళ్లీ మొదటిది.

"ఇండెక్సు చోటు చెప్పాకే కదా సార్ టేబుల్ దగ్గరికి వెళ్లేది. ఒకటి తిరుగుతుంటే ఇంకోటి కాచుకుని ఉంటోంది."

ఆయన ఖాళీ కౌంటర్ల వైపు చూశారు. "మరి పదిమంది ఒకేసారి అడిగితే?" అన్నారు. అది నాకు తట్టని ప్రశ్న.

మర్నాడు పొద్దున ఇద్దరం అక్కడే నిలబడ్డాం. టేబుళ్ల డిస్కు లైటు ఆరడమే లేదు. ఇండెక్సులు చాలావరకు మెమరీలోనే దొరుకుతున్నాయి కాబట్టి వాటి డిస్కు ఎప్పుడో ఒకసారి మెరుస్తోంది.

"ఒకడు చాకిరీ, ఒకడు కులాసా" అన్నారాయన. "విడదీయొద్దమ్మా. రెండిటినీ రెండు డిస్కుల మీదా కలిపి పరిచేద్దాం."

తర్వాతి సెలవురోజున అలాగే చేశాం. అద్భుతమేమీ జరగలేదు, కానీ క్యూ కదిలింది. "ఇయ్యాల జర నయం మేడమ్" అని ఫిట్టర్ సామాను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆఫీసరు బచేలీ గని స్టోర్సులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశారు. ఈయన సలహా మీదే ఆయనా రెండో డిస్కు అడిగి ఉన్నారట. "ఇండెక్సులు వేరు చేస్తే చాలని చెప్పేను గదా, కాదంట. ముందు ఏ డిస్కు అలిసిపోతందో చూడు" అంటున్నారు. అవతలాయన ఒప్పుకున్నట్టు లేదు. గొంతులు పెరిగాయి. నేను లేచి కౌంటర్ వైపు నడిచాను.