పెద్దకోడలి సెకను

ఆ ఇంట్లో అత్తా లేదు, మామా లేడు. వాళ్ళ కొడుకులిద్దరూ పోయి కూడా చాలాకాలమైంది. అయినా మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళనీ వీధి వీధంతా ఇప్పటికీ పెద్దకోడలు, చిన్నకోడలు అనే అంటుంది. పెద్దకోడలికి అరవై నాలుగు, చిన్నకోడలికి యాభై ఎనిమిది. చిన్నకోడలు ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పెద్దకోడలు వెనకగదిలో, కిటికీ దగ్గర బల్ల వేసుకుని, పాత కెమెరాలు బాగుచేస్తుంది. బ్యాటరీ పనిలేని, రీలు వేసి చేత్తో తిప్పుకునే కెమెరాలు. పని భర్త దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఆ బల్లా, ఆ స్క్రూడ్రైవర్లూ, చెయ్యి విరిగిన ఆ కుర్చీ ఆవిడవయ్యాయి.

ఇక అనుమానం మాటకొస్తే, అది మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకుంటుంది. నవ్వకపోతే నిన్నటి నీళ్ళు తను కనిపెట్టేసినట్టు వాడికి తెలిసిపోయిందనుకుంటుంది. ఎవరైనా "మిమ్మల్ని చూసి ఎన్నాళ్ళయిందండీ" అంటే, "ఏం పనిమీదొచ్చారో అది చెప్పండి" అంటుంది. పోనీ, ఆ పనికి ఆ గుణం కొంత ఉండాల్సిందే. కెమెరా తెచ్చే ప్రతివాడూ ముందు అనే మాట "నేను విప్పలేదండీ" అనే. ఆవిడ భూతద్దం కంటికి తగిలించుకుని స్క్రూల తలలు చూస్తుంది. విప్పడం రానివాడు విప్పితే గాడి అంచులు చెదిరి ఉంటాయి. "అయితే గాలి విప్పిందంటారా?" అని అడుగుతుంది.

కెమెరాలో అసలు ప్రాణం షట్టరుది. సన్నటి ఉక్కురెక్కలు తెరుచుకుని వెలుతురు లోపలికి రానిచ్చి మళ్ళీ మూసుకుంటాయి. సెకను అని పెడితే సెకనుసేపే తెరిచి ఉండాలి. లోపల చిట్టి పళ్ళచక్రాలు జుయ్యిమని తిరిగి, చివర్లో టిక్కుమనిపించి రెక్కల్ని మూసేస్తాయి. ఏళ్ళు గడిచి జిడ్డు గట్టిపడితే ఆ చక్రాలు మొరాయిస్తాయి. వాటిని కడిగి, సూదిమొనంత నూనె పెట్టి, ఎంతసేపు తెరుచుకుంటోందో సరిచూడాలి. సరిచూడడానికి మిషన్లున్నాయి. పెద్దకోడలు వాటి ముఖం చూడలేదు. గోడమీద సెకనుకో టక్కు కొట్టే లోలకం గడియారం ఉంది. దానికింద నిలబడి, కళ్ళు మూసుకుని, కెమెరాని చెవికి ఆనించి నొక్కుతుంది. టక్కుకీ టక్కుకీ మధ్య జుయ్యిమనే చప్పుడు సరిగ్గా ఇమిడిందా, పని అయినట్టే. భర్త నేర్పిన పద్ధతి అది. ముప్పై ఏళ్ళలో ఆవిడ చేతిమీదుగా వెళ్ళిన కెమెరా అదే జబ్బుతో తిరిగి గుమ్మం తొక్కలేదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోదు గానీ, ఎవరైనా మర్చిపోయినట్టు కనిపిస్తే ఊరుకోదు.

అలాంటి ఆవిడ దగ్గరికి ఒకరోజు పొద్దున్నే ల్యాబ్ అబ్బాయి వచ్చాడు. అబ్బాయి అంటే నలభై ఐదేళ్ళవాడే. ఊళ్ళో ఇంకా రీళ్ళు కడిగేది అతనొక్కడే. పాడైన కెమెరాలవాళ్ళందరినీ ఆవిడ దగ్గరికి పంపేది కూడా అతనే.

"పెద్దమ్మా, మీరేమీ అనుకోనంటే ఒక మాట చెప్పాలి."

"అనుకోవాలో వద్దో విన్నాక చూస్తాను. చెప్పు. గొణగకుండా చెప్పు."

అతను గొంతు పెంచాడు. "మీరు బాగుచేసిన కెమెరాల్లో ఎండలో తీసినవి బానే వస్తున్నాయి. ఇంట్లోనో నీడలోనో షట్టరు ఎక్కువసేపు తెరిచి తీసినవన్నీ తెల్లగా పాలిపోతున్నాయి. మొహాలు కనపడటం లేదు. ఇప్పటికి నాలుగు రీళ్ళయ్యాయి."

"నీ మందు పాతబడిందేమో చూసుకో."

"మిగతావాళ్ళ రీళ్ళూ అందులోనే కడుగుతున్నాను కదమ్మా. అవి బానే ఉన్నాయి."

అతను కాళ్ళవైపు చూసుకుంటూ ఇంకో మాటన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పించుకుంది. "ఇంకొక్కటి ఇలా వస్తే మీ దగ్గరికి ఎవర్నీ పంపలేను పెద్దమ్మా. ఫోటోలు తెచ్చి నా మొహాన కొడుతున్నారు."

చెప్పొద్దూ, పెద్దకోడలికి భయం వేసింది. పని పోతే పొద్దున్నే లేచి ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆవిడకి ఇంకో కారణం లేదు. పిల్లల్లేరు, భర్త లేడు, ఉన్నదల్లా ఆ బల్ల. భయం వేసినప్పుడు ఆవిడకి తెలిసిన దారి ఒక్కటే. ఇది ఎవరు చేశారా అని వెతకడం.

వెతకడానికి ఎంతోదూరం వెళ్ళనక్కర్లేకపోయింది. ల్యాబ్ అబ్బాయి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చిన్నకోడలితో మాట్లాడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, ఒక్క ముక్క వినపడదు. గుసగుసలన్నమాట. ఆవిడ దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ ఆపేశారు. ఇదొక్కసారి కాదు. కొన్ని నెలలుగా చిన్నకోడలి వాలకం తేడాగానే ఉంది. వంటింట్లో తనలో తను ఏదో అనుకుంటుంది. "ఏమిటే?" అంటే "ఏం లేదక్కా" అంటుంది. ఏం లేకపోతే నోరెందుకు కదిలినట్టు? పైగా ఒకసారి వెనకగదిలో నిలబడి, "ఈ కిటికీ వెలుతురు ఎంత బావుంది అక్కా, సూదిలో దారం దానంతటదే దూరేలా ఉంది" అంది. ఆ మాట అప్పుడే మనసులో రాసిపెట్టుకుంది పెద్దకోడలు. గది మీద కన్నేసింది. తన పని పోతే గది ఖాళీ అవుతుంది. తను నిద్రపోతున్నప్పుడు కెమెరాలుంచే బీరువా తీసి, వాటిల్లో ఏదో కెలుకుతోంది. అంతే, లెక్క కుదిరిపోయింది.

బజారుకెళ్ళి ఎర్రటి గోళ్ళరంగు కొనుక్కొచ్చింది. ఆ వయసులో ఈవిడకి గోళ్ళరంగేమిటా అని కొట్టువాడు తేరిపారా చూశాడు. ఆవిడ వాడినీ అనుమానించింది. ఇంటికొచ్చి, అప్పుడే సరిచూసిన మూడు కెమెరాల స్క్రూల తలల మీద చుక్క చుక్క పెట్టింది. విప్పితే చుక్క పగిలిపోవాలి, దొంగ దొరికిపోవాలి. బీరువాకి తాళం వేసి, తాళంచెవి దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుంది. ఒక కెమెరాని మర్నాడే ల్యాబ్ అబ్బాయికి పంపి, నువ్వే రీలు వేసి తీసి చూడమంది.

ఫలితం వచ్చేదాకా ఆగితే బావుండేది. ఆగలేదు. ఆ సాయంత్రం చిన్నకోడలు వెనకగదిలో బీరువా పక్కన వంగి ఉండటం కంటపడింది.

"ఇక్కడేం పని నీకు?"

చిన్నకోడలు వంగే ఏదో అంది.

"మొహం చూసి చెప్పు."

"చీపురు ఇటు పడింది, తీస్తున్నానంటున్నానక్కా."

"చీపురో, నా కెమెరాలో? గది కావాలంటే నోరు తెరిచి అడగరాదూ. నాకు పని చేతకాదని లోకమంతా చాటితే గానీ రాదనుకున్నావా? నాలుగు కెమెరాలు పాడుచేశావు."

చిన్నకోడలు చీపురు గోడకి ఆనించింది. ఈసారి ప్రతి మాటా స్పష్టంగా వినపడేలా అంది. "ముప్పై నాలుగేళ్ళు నీ మాట జవదాటలేదు. బావగారు పోయినప్పుడు నెల్లాళ్ళు నీ పక్కన కూర్చుని నీకు అన్నం కలిపి పెట్టాను. ఈ మాట అన్నాక ఇంక నీతో నాకు మాటల్లేవు." అని వెళ్ళిపోయింది.

చిత్రమేమిటంటే, ఆ తరవాత నాలుగురోజులూ ఇంట్లో పెద్ద తేడా పెద్దకోడలికి తెలియలేదు. ఇల్లు అంతకుముందూ నిశ్శబ్దంగానే ఉండేది. కోపంతో కుట్టుపని కూడా మానేసిందేమోనని ఒకసారి తలుపు సందులోంచి చూసింది. మిషను నడుస్తూనే ఉంది, చిన్నకోడలి పాదం ఆడుతూనే ఉంది. కొత్తగా నూనె పోయించిందేమో, నాతో చెబితే నేను పొయ్యనూ, అనుకుని మరింత మండిపడింది.

ఐదోరోజున ల్యాబ్ అబ్బాయి కెమెరా, ఫోటోలూ తెచ్చి బల్లమీద పెట్టాడు. నీడలో తీసినవన్నీ తెల్లగా, ముగ్గుపిండి జల్లినట్టున్నాయి. పెద్దకోడలు ఫోటోలు పక్కకి తోసి భూతద్దం అందుకుంది. ఎర్రచుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఒక్క వెంట్రుకవాసి పగులు లేదు. బీరువాలోని రెండిటికీ అంతే. ఎవ్వరూ ముట్టుకోలేదు. అతను ఏదో చెప్పి, ఆవిడ వినడం లేదనుకుని, వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి లేచింది. రెక్కలు ఎక్కడైనా పట్టేస్తున్నాయేమో కంటితో చూద్దామని కెమెరా వెనకతలుపు తెరిచి, కిటికీకి ఎదురుగా పట్టి, సెకను మీద పెట్టి నొక్కింది. లెన్సులో గుండ్రంగా వెలుతురు విచ్చుకుంది. జుయ్యిమంది, ఆగిపోయింది. వెలుతురు మాత్రం ఆగలేదు. చప్పుడు అయిపోయాక కూడా బొట్టుబిళ్ళంత వెలుతురు అలాగే ఉండి, ఆ తరవాత నింపాదిగా మూసుకుంది.

ఇలాంటి షట్టరు ఉండదు. చక్రాలు తిరుగుతున్నంతసేపే రెక్కలు తెరిచి ఉండాలి. ఆవిడ అనుమానం ముందు కంటిమీదికే పోయింది. కళ్ళద్దాలు తుడుచుకుంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అంతే. రెండో కెమెరా తీసింది, మూడోది తీసింది. చెవి అయిపోయిందంటుంది, కన్ను ఇంకా ఉందంటుంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు.

కెమెరా పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. చిన్నకోడలు తలెత్తలేదు.

"మాట్లాడకు. మాట్లాడమనడం లేదు. కళ్ళు మూసుకుని చెయ్యెత్తు. దీని చప్పుడు వినపడినంతసేపూ ఎత్తి ఉంచు, ఆగగానే దించు. ఇదొక్కటీ చేసిపెట్టు."

ఆ గొంతులో ఏం విందో గానీ చిన్నకోడలు కళ్ళు మూసుకుని చెయ్యెత్తింది. పెద్దకోడలు కెమెరాని వాకిలి వెలుతురుకి పట్టి నొక్కింది. చప్పుడు ఆగింది. చెయ్యి దిగలేదు. లెన్సులో వెలుతురు మూసుకుంది, అప్పుడు చెయ్యి దిగింది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ వెలుతురూ చెయ్యీ కలిసే దిగాయి.

"అంతసేపూ వినపడిందా నీకు?"

"ఆఁ. చివర్లో టిక్కుమంది కదా."

ఆ టిక్కు తను విని ఎన్నాళ్ళయిందో పెద్దకోడలికి గుర్తు రాలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది. చక్రాల సన్నటి చప్పుడు చివరిదాకా ఆవిడ చెవికి అందడం లేదు. చప్పుడు ముందే ఆగినట్టు తోచి, రెక్కలు తొందరగా మూసుకుంటున్నాయనుకుని, వాటిని ఇంకాస్త ఆలస్యం చేసి ఇస్తోంది. ఎండలో రెప్పపాటులో తీసేవాటికి తేడా తెలియలేదు గానీ, ఎక్కువసేపు తెరిచి తీసేవాటిలో ఆ అదనపు వెలుతురే మొహాల్ని తెల్లగా చేసింది. కుదురుగా ఉన్నదాన్ని తనే చెడగొట్టి, బాగుచేశానని చెప్పి ఇస్తోంది.

"మరి ఆరోజు గుమ్మం దగ్గర మీరిద్దరూ గుసగుసలాడుకున్నది?"

"గుసగుసలేంటక్కా. ఆ అబ్బాయి మాట్లాడితే వీధి చివరిదాకా వినపడుతుంది. వాళ్ళ పాపకి గౌను కుట్టాలట, కొలతలు చెప్పాడు. మేం మామూలుగానే మాట్లాడుకున్నాం."

"నాకు చెవులు పోతున్నాయని నీకు తెలుసా?"

"పోయినేడాది చెప్పాను. ముసలిదాన్ని చేస్తున్నావా అని ఒంటికాలిమీద లేచావు. వారం రోజులు అన్నం విడిగా పెట్టుకు తిన్నావు. కెమెరాలకి దీనికీ ముడి ఉందని నాకేం తెలుసు?"

"తప్పయిందే," అంది పెద్దకోడలు. ఆ ఇంట్లో ఆ గొంతుతో ఆ మాట ఎవరూ విని ఉండరు. అన్నాక కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుంటున్నట్టు దాచలేదు కూడా. చిన్నకోడలు మిషను మీది గుడ్డ అనవసరంగా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

మర్నాడు పెద్దకోడలు నోటుపుస్తకం తీసింది. ఏడాదిలో చేసిచ్చిన కెమెరాలు ఇరవై మూడు తేలాయి. ల్యాబ్ అబ్బాయి ఇంక ఎవర్నైనా పంపినా పంపకపోయినా ఈ ఇరవై మూడూ వెనక్కి రావాలంది. చప్పుడు వినడానికి చిన్నకోడలుంది, చూడటానికి కిటికీ ఉంది, లేదంటే ఆ పాడు మిషనే కొనుక్కుంటానంది. కానీ ముందు ఫోన్లు చెయ్యాలి. చెప్పడం తను చెబుతానంది. అవతలివాళ్ళు ఏమంటారో విని చెప్పడం చిన్నకోడలి వంతు.

మొదటి పేరు డ్రాయింగు మాస్టారిది. ఆవిడ ఫోను నోటి దగ్గర పెట్టుకుని, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మాస్టారూ, మీ కెమెరా నేను పాడుచేశాను. తప్పు నాదే. తెచ్చిస్తే సరిచేస్తాను." వెంటనే ఫోను చిన్నకోడలి చెవికి పెట్టింది. మాస్టారు మాట్లాడుతున్నాడు. చిన్నకోడలు "ఆఁ", "అవునండీ" అంటోంది. మొహం చిన్నబోయింది. గోడగడియారం సెకన్ల ముల్లు రెండు చుట్లు తిరిగింది.

"ఏమన్నాడు?"

"తెచ్చిస్తానన్నాడక్కా."

"రెండు నిమిషాలు మాట్లాడింది ఆ ఒక్క ముక్కేనా?"

"అంతే."

పెద్దకోడలు ఆమె మొహంలోకి చూసింది. "ఇంక నేను ఏది విన్నా నీ నోటివెంటే వినాలి. నువ్వు కూడా తగ్గించి చెబితే నేనెవర్ని అడగనే?"

చిన్నకోడలు ఆవిడకి ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా, గట్టిగా చెప్పింది. "వాళ్ళక్క పన్నెండేళ్ళకి ఇంటికొచ్చిందట. రెండు రీళ్ళు తీశాడట. ఒక్కదాంట్లోనూ మొహం లేదట. తనే వెలుతురు లెక్క తప్పాననుకున్నాడట. ల్యాబ్ వాణ్ణి అనుమానించాడట, రీలు అమ్మినవాణ్ణి అనుమానించాడట. 'ఆవిణ్ణి మాత్రం అనుమానించాలని నాకు తోచలేదమ్మా' అన్నాడు."

అది నిజమా కాదా అని పెద్దకోడలు మళ్ళీ అడగలేదు. పుస్తకంలో మాస్టారి పేరు పక్కన గీత పెట్టి, దానికింది నంబరు మీద వేలుంచింది.

"ఇది కలుపు," అంది.