ఊసరవెల్లికి తీసిన దిష్టి

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో, అమ్మ పోయిన ఆరు నెలలకి, నన్ను ప్రత్తిపాడు అవతల ఒక ఊరి బడికి పంతులమ్మగా వేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు, తోడు వచ్చే మనిషి లేదు. దూదేకే సాయిబు గారి ఇంట్లో పక్కవాటా, ఒక గదీ వసారా, అద్దెకు తీసుకున్నాను. బడిలో రోజంతా అరిచేదాన్ని. ఇంటికొచ్చి తలుపేసుకుంటే మళ్ళీ మర్నాడు బడిలోనే నోరు విప్పడం.

పలకరించేవాళ్ళు లేక కాదు. సాయిబు గారి భార్య గోడ మీంచి తొంగిచూసి "ఏం కూరండీ పంతులమ్మ గారూ?" అని రోజూ అడిగేది. "ఏదో ఒకటండీ" అని నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. చదువుకున్నదాన్నన్న పొగరు కొంత. ఎవరైనా జాలిపడితే అక్కడే ఏడ్చేస్తానేమోనన్న భయం ఇంకొంత.

మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజుల్లో, పొయ్యిలోకి ఒక పత్తికట్టె మోపు వేయించుకున్నాను. మోపు విప్పుతుంటే ఒక పుల్ల కదిలింది. చూస్తే ఊసరవెల్లి.

"కదలమాకండి! విషప్పురుగు. ఒక్కటేస్తే పోద్ది" అంటూ మోపు తెచ్చినామె కర్ర ఎత్తింది.

నేను అడ్డం పడ్డాను. ఎందుకంటే ఏం చెప్పను? ఆ గదిలోకి తనంతట తాను వచ్చిన ప్రాణి అదొక్కటే. నా కోసం రాలేదు, పొయ్యిలోకి పోవడానికి వచ్చింది. అయినా సరే.

అమ్మ నుంచి నాకు మిగిలిన సామాన్లలో ఒక జాలీ పెట్టె ఉంది. పాలూ పెరుగూ పిల్లి నోట పడకుండా దాచేది. ఒంటిమనిషి వంటకి అందులో దాచేదేముంటుంది? అరలు ఊడదీసి, పెట్టె నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ చిప్పలు పెట్టాను, చీమలు ఎక్కకుండా. లోపల పత్తికట్టెలు అడ్డంగా కొన్ని, ఏటవాలుగా కొన్ని కట్టి, వేపరెమ్మలు గుచ్చాను. వసారాలో పొద్దుటెండ తగిలేచోట నిలబెట్టాను. గిన్నెతో నీళ్ళు పెడితే రెండు రోజులు వాటి వంక చూడనే లేదు. మూడోరోజు చెయ్యి కడుక్కుని విదిలిస్తే, ఆకుమీద పడ్డ చుక్కని తాపీగా నాకింది. చప్పట్లు కొట్టినంత పని చేశాను. ఎవరికైనా చెబుదామని వెనక్కి తిరిగాను. ఎవరున్నారని?

ఇక సాయంత్రాలు చెంగు బిగించి, కంచె వెంట మిడతల కోసం గెంతడమే పని. పొద్దున పిల్లలకి బుద్ధిగా కూర్చోమని చెప్పే పంతులమ్మని నేనేనా అని నాకే నవ్వొచ్చేది. పట్టిన మిడతని జాలీలోకి వదిలి, ఆ రోజు బడిలో జరిగినవన్నీ దానికి చెప్పేదాన్ని. ఒక కన్ను నావైపు, ఇంకో కన్ను ఎటో. రెండు కళ్ళతోనూ నన్నే చూడొచ్చు కదా అని ఉడుక్కునేదాన్ని.

అక్కడితో ఆగితే బాగుండేది. తోడుగా ఉంటుందని పెట్టెను లోపలికి ఈడ్చి మంచం పక్కన పెట్టుకున్నాను. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ జానెడు. మూడు రోజుల్లో ఊసరవెల్లి నల్లబడింది. మిడత ముక్కు మీద వాలినా నోరు తెరవలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. ఇదీ పోతుందని భయం పట్టుకుంది.

ఎండకి దూరం చేశానన్న ఆలోచనే తట్టలేదు నాకు. తట్టిందల్లా దిష్టి. ఇలాంటివి నమ్మేవాళ్ళని ఎద్దేవా చేసిన నేను, ఆ ఆదివారం ఉదయం గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు పట్టుకుని పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశాను. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. క్షణంలో గది నిండిపోయింది. నాకు ఊపిరాడలేదు. జాలీలో అది నోరు తెరుచుకుని పక్కకి ఒరిగిపోయింది. దగ్గుతూ, ఏడుస్తూ, పెట్టెను పెరట్లోకి ఈడ్చి దాని తలుపు బార్లా తెరిచాను.

చాలాసేపు కదల్లేదు. ఎండ వీపు మీద పడ్డాక ఒక కాలు చాచింది. ఊగుతూ ఊగుతూ దిగి, కంచెలో గోరింటాకు కొమ్మ అందుకుంది. చూస్తుండగానే పచ్చబడింది. నా పెట్టెలో ఉన్నన్నాళ్ళూ అంత పచ్చదనం ఎన్నడూ లేదు. ఆకుల్లోకి వెళ్ళిపోయింది. రెండు కళ్ళలో ఒక్కటీ నావైపు తిప్పలేదు.

ఘాటు గోడ దాటినట్టుంది, సాయిబు గారి భార్య ముక్కుకి కొంగు అడ్డుపెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఎవరికి తీశారండీ దిష్టి? ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

ఊసరవెల్లికని ఎలా చెప్పను? "నాకే" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఎవురి దిష్టి వాళ్ళే తీసుకుంటారా తల్లీ, ఎక్కడన్నా? ఇట్టా కూర్చో."

మొదటిసారి గారూ, అండీ లేకుండా మాట్లాడింది. అరుగు మీద తూర్పుముఖంగా కూర్చున్నాను. అమ్మ ప్రతి అమావాస్యకీ ఇలాగే కూర్చోబెడితే విసుక్కుని లేచిపోయేదాన్ని. ఈసారి కదల్లేదు. ఆమె తన ఇంటి మిరపకాయలే తెచ్చి, ఏదో గొణుక్కుంటూ నా చుట్టూ మూడుసార్లు తిప్పి, పెరట్లో తన పొయ్యిలో వేసొచ్చింది. నేను కొంగు ముక్కుకి అడ్డుపెట్టుకుని కాచుకున్నాను. ఘాటు రాలేదు.

"చూశావా, ఎంత పట్టేసిందో నిన్ను" అంటూ నా తల నిమిరింది.

పొయ్యి ఆరుబయట ఉంది, గాలి అటువైపు వీస్తోంది, అందుకే రాలేదని చెప్పబోయాను. చెప్పలేదు. ఆమె చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది.