నీళ్లెక్కడివని అడిగే మనిషి

కాగితంలో పేరు తర్వాత వయసు, వయసు తర్వాత పని, ఆ తర్వాత ఇంగ్లీషులో సోర్స్ అని ఒక గడి. ఇంటికొక కాగితం. ఉద్దానంలో, కొబ్బరి తోటలకూ జీడి తోటలకూ నడుమ ఉన్న ఆ ఊళ్లో మూడు వందల పది ఇళ్లు. ఆశా కార్యకర్త గౌరి అన్ని గడపలూ ఎక్కాలి.

"నీల్లెక్కడివి?" అని అడుగుతుంది.

నుయ్యి, బోరు, కుళాయి, క్యాను. చెప్పింది రాసుకుంటుంది.

"మీ అయ్య పూడిక తీసిన నుయ్యే కదే, నన్నడుగుతావేటి?" అంటుంది వీధి చివరి దేముడమ్మ. "నాలుగేల్లనుంచి రాస్తన్నావు. రాయగా రాయగా ఆ ఇంట్లో ఇద్దరు పోయారు, ఈ ఇంట్లో ఒకడు పోయాడు. రాయి, రాయి."

గౌరి రాసుకుని పక్క గడపకు పోతుంది.

సోర్స్ అన్న మాట ఆమెకు కొత్త కాదు. హైస్కూల్లో జగన్నాధం మాస్టారు ఒక్కో ఇంగ్లీషు మాటకు ఐదేసి తెలుగు మాటలు రాయించేవారు. సోర్స్‌కు రాయించినవి ఇప్పటికీ నోటికి వస్తాయి. ఊట, మూలం, ఆధారం, మొదలు, పుట్టుచోటు. ఐదూ ఒకటేనా మాస్టారూ అని అడిగితే, "ఒకటే అయితే అయిదెందుకమ్మా?" అన్నారు. పరీక్షలో ఏది రాసినా మార్కు వేశారు.

ఆమె తండ్రికి ఆ అయిదింటిలో ఒక్కటే తెలుసు. ఆయన నూతులు బాగుచేసేవాడు. వేసవిలో నడుముకు తాడు కట్టుకుని దిగి, పూడిక తీసి, అడుగున అరచెయ్యి ఆనించి, ఊట ఏ పక్కనుంచి వస్తోందో చెప్పేవాడు. ముందు తాను తాగి చూసి తర్వాత బిందె పైకి పంపేవాడు. నలభై ఎనిమిదో ఏట మొహం ఉబ్బింది, కిడ్నీలు చెడ్డాయన్నారు. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు బస్సులో గౌరే తీసుకెళ్లింది. ఒకరోజు డాక్టరును అడిగింది, ఇది ఎక్కణ్నుంచి వచ్చిందని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మూలం ఇంకా తెలియదమ్మా. నీళ్లంటున్నారు, మట్టంటున్నారు, ఎండలో పనంటున్నారు. చూస్తున్నారు."

తండ్రి మంచం మీదనుంచి విన్నాడు. "ఊట తెలకుండా పూడికెలా తీస్తారు బాబూ?" అన్నాడు. ఆయన పోయాక గౌరి ఆశాలో చేరింది.

ఊరి పేరు చెబితే బయటివాళ్లు పిల్లనివ్వడానికి జంకుతారు. వాళ్లకు కావలసింది పుట్టుచోటు. అలాంటిది గౌరి తమ్ముడు ధర్మేంద్రకు సాలూరు సంబంధం కుదిరింది. అతను అక్కడ ధనరాజు అనే ఆయన లారీ నడుపుతాడు. ధనరాజుకు కుర్రాడు నచ్చాడు. కూతురు రేఖకూ నచ్చాడు. ముహూర్తం పెట్టాక ధనరాజు ఒక్కటే అడిగాడు.

"మీ ఊర్లో రగతం పరీచ్చలు సేస్తన్నారంట కదా. కుర్రోడి కాయితం ఒకపాలి సూపించండి. మాకింకేటీ వొద్దు."

రక్త పరీక్షల క్యాంపుకు రెండు రోజుల ముందు ధర్మేంద్ర ఇంటికొచ్చాడు. అన్నం తినకుండా అక్క పక్కన కూర్చున్నాడు.

"అప్పా, బావ సేత ఇప్పించీ."

"ఏటి ఇప్పించీది?"

"రగతం. నా పేరున. బావది సాలూరు నీల్లు కదా."

చినబాబు గౌరి భర్త. అతని ఊరు సాలూరు దాటాక కొండ కింద ఉంటుంది. పదకొండేళ్ల కిందట కొబ్బరి లోడుకు లారీ మీద వచ్చాడు, గౌరిని చూశాడు, ఉండిపోయాడు. పెరట్లో గునపం నిలువుగా పాతి, దాని మీద కాయలు పొడిచి పీచు వలుస్తాడు. ఊళ్లో ఎవరికి రోగం వచ్చినా, "నాను ఈ నీల్లకి పుట్టలేదు. నాది కొండూట," అని గుండె మీద చరుచుకుంటాడు. తనకోసం ఏ క్యాంపుకూ పోలేదు. చెప్పి చెప్పి గౌరి మానేసింది.

"ఒరే ధర్మా, నా రగతం నీ పేరునుంటే నీకూ బుద్దొస్తాది," అన్నాడు చినబాబు.

"రగతం పోసీది సీసాలోకి బావా, నా ఒంట్లోకి కాదు."

"ఏ సీసా అయితేనేటి, బ్రాందీ సీసా కాదు కదా."

ముగ్గురూ నవ్వారు. గౌరి కూడా నవ్వింది.

క్యాంపులో చినబాబుది పన్నెండో నంబరు. టెక్నీషియన్ ధర్మేంద్ర ఆధార్ కార్డు చూసి, మనిషిని చూసి, గౌరిని చూశాడు. కార్డు మీది ఫొటో ఎవరి మొహానికైనా సరిపోయేలా ఉంది.

"ఇతనేనా?"

ఆమె తలూపింది. ధర్మేంద్ర పేరు ఎదురుగా సాక్షి సంతకం పెట్టింది. సోర్స్ అని ఉన్న గడిలో ఇంటి బోరు అని రాసింది.

తొమ్మిది రోజులకు కవరు వచ్చింది. మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చుని గౌరి స్కేలు పెట్టి వరస వరసా చదివింది. పన్నెండో వరస దగ్గర స్కేలు ఆగింది. ధర్మేంద్ర, ఇరవై ఏడేళ్లు. క్రియాటినిన్ నాలుగు పాయింటు రెండు. ఒకటిన్నర లోపు ఉండాల్సింది.

ఒక నిమిషం తమ్ముడి కోసం ఏడుపొచ్చింది. తర్వాత గుర్తొచ్చింది.

సాయంత్రం పూట చినబాబు చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల గాడి లోతుగా ఉంటుంది. ఎన్నాళ్లుగా ఉందో ఆమెకు తెలియదు. కాళ్లు ఉబ్బుతున్నాయా అని మూడు వందల ఇళ్లలో అడిగింది. తన ఇంట్లో అడగలేదు.

ముందు తమ్ముడికి ఫోన్ చేసింది.

"నాది కాదు కదా?" అన్నాడు ధర్మేంద్ర. "అప్పా, ఆ కాయితం సింపీ. మళ్లీ క్యాంపొస్తాది. ఈపాలి ఇంకొకడ్ని సూద్దాం."

"ఇంకొకడెందుకు? నువ్వు రా. సెయ్యి సాపు."

"నాను రాను."

"బావ మాటేటిరా?"

"బావకి నెమ్మదిగా సెబుదాం. పెల్లి ఇరవై ఆరు రోజులే ఉన్నాది. ఇన్నాల్లుండి ఇరవై ఆరు రోజులకేటవుతాది?"

ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒక ఇంట్లో అరవై రోజులు ఆగితే ఏమైందో, ఇంకో ఇంట్లో పదిహేను రోజులకే ఏమైందో ఆమె రిజిస్టరులో ఉంది. ఫోను పెట్టేసి కవరు ఒళ్లో పెట్టుకుంది. పెరట్లో కాయ గునపం మీద పడుతున్న చప్పుడు. ఒక పోటు, పీచు చీలిన శబ్దం, మళ్లీ పోటు.

నాలుగు గంటలకు ధనరాజు ఫోన్ చేశాడు.

"కాయితం వచ్చిందా అమ్మా?"

రాలేదని చెప్పవచ్చు. ఆమె నోటి దాకా అదే వచ్చింది.

"వచ్చింది బాబూ. బాగునేదు."

అటువైపు లారీల చప్పుడు.

"కానీ అది మా తమ్ముడి రగతం కాదు. మా ఆయనది. ఆయనది మీ పక్క నీల్లని ఆయన సేత ఇప్పించాం. సంతకం నానే పెట్టాను. మా తమ్ముడిది ఎవలూ తియ్యనేదు."

పెరట్లో చప్పుడు ఆగిపోయింది.

ధనరాజు తిట్టలేదు. తిడతాడనే ఆమె ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకుంది.

"మీ ఆయన మా సాలూరు పక్కోడే కదమ్మా?"

"అవును బాబూ."

"అక్కడికొచ్చి ఎన్నేల్లయ్యింది?"

"పదకొండు."

"మా రేఖకి ఇరవై రెండు. ఇంకో పదకొండేల్లకి ముప్పై మూడు," అన్నాడు ధనరాజు, పక్కనెవరికో చెబుతున్నట్టు. ఫోను ఆయన పెట్టెయ్యలేదు. గౌరే పెట్టేసింది.

చినబాబు వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతుల నిండా పీచు.

"ఎంతొచ్చింది?"

చెప్పింది. ఆ ఊళ్లో ఆ అంకె ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

"నాకేటీ నొప్పి నేదే."

"నొప్పి ఉండదు. మా నాన్నకీ నేదు."

అతను అరుగు అంచున కూర్చుని ఒక పాదాన్ని బొటనవేలితో నొక్కాడు. పడిన గుంట వెంటనే పూడలేదు. దాన్నే చూస్తూ ఉన్నాడు.

"పదకొండేల్లు తాగింది నాను," అన్నాడు చివరికి. "ఆడు పుట్టిందగ్గిర్నుంచి తాగేడు. ఆడికి ఫోన్ సెయ్యి. ఇద్దరం ఆస్పత్రికి ఒక్క బస్సుకే ఎల్తాం."

ఆమె చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఈలోగా చినబాబు చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

మూడోసారి చేస్తే, ఆ నంబరు ప్రస్తుతం స్విచాఫ్ చేసి ఉందని ఒక ఆడగొంతు నెమ్మదిగా చెప్పింది.