ఇల్లు ఎల్తలేదు

ఆ రోజుల్లో చంటిపిల్లవాడి తల్లి ఉద్యోగానికి వెళ్తే, జనగామలో మా వాడకట్టు ఒప్పుకునే కారణం ఒక్కటే: ఇల్లు ఎల్తలేదు (అంటే ఒక్క జీతం ఇంటికి చాలడం లేదని). "నాకు ఇష్టం" అంటే మనిషిని కింది నుంచి మీది దాకా చూసేవారు. కాబట్టి నేనూ అదే చెప్పాను. అసలు సంగతి నా పాత డైరీలో ఉంది: లింగాల ఘనపూర్ ఆఫీసులో నాకొక టైపు మిషను, వరస చివర టింగుమనే దాని గంట, తాళంచెవి నా దగ్గరే ఉండే ఒక సొరుగు. ఇంట్లో నాకంటూ తాళం ఉన్న వస్తువు ఒక్కటీ లేదు.

బాబును చూసుకోవడానికి నర్మెట్ట నుంచి వచ్చిన మా అత్తమ్మ మొదటి రోజే షరతు పెట్టింది. "ఇల్లు ఎల్లక పోతున్నవ్ గద, పో. మావోని జీతం పెరిగిన్నాడు నువ్వు ఇంట్ల ఉండాలె, నేను నర్మెట్ట బస్సెక్కాలె. గంతే." ఆయన జీతం ఇప్పట్లో పెరగదనే ధీమాతో తలూపాను.

ఏడాది తిరక్కుండానే మా ఆయన ప్రమోషన్ కాగితంతో, జిలేబీ పొట్లంతో నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాడు. (భర్త ప్రమోషన్‌కు ఏడుపు ముఖం పెట్టిన భార్యను నేనొక్కదాన్నే అయ్యుంటాను.) "అత్తమ్మకు చెప్పకు" అని పొట్లం గుంజుకుని ఆఫీసు సంచిలో కుక్కాను. మర్నాడు అది నా సొరుగులోకి చేరింది. దాని వెనకే ఆఫీసులోని చీమలన్నీ చేరాయి.

అబద్ధమాడటం మా ఆయనకు చేతకాదు. తల్లి ముందు కాస్త నిట్టూర్చమని నేర్పిస్తే, ఎవరూ అడగకముందే, "ఈ నెల పైసలకు జర తంగ్ ఉన్నదే అవ్వా, చాయ్ గూడ బంద్ వెట్టాలెనేమో" అనేశాడు. "అయితే బంద్ వెడ్దాం తియ్యి" అంది అత్తమ్మ. ఆ పూట నుంచే ముగ్గురికీ చాయ్ బంద్. పదకొండు రోజులు డైరీలో ఒకటే మాట: "చాయ్ లేదు. తలనొప్పి. ఇంకా తెలియలేదు." వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, ఎవరొచ్చి ఏం కూస్తారోనని ముందు నేనే గుమ్మంలోకి ఉరికేదాన్ని. ఆయనకు కాలరు చిరిగిన చొక్కానే తొడిగించి పంపేదాన్ని.

పన్నెండో రోజు ఆదివారం. ఆయన బజారుకు పోయినప్పుడు వాళ్ల ఆఫీసు జవాను వచ్చి, "అమ్మా, సారుకు ప్రమోషనొచ్చి పది రోజులు దాటె, దావత్ ఎప్పుడు?" అన్నాడు, వాడకట్టంతా వినేలా. ఎదురింటావిడ గోడ మీదుగా తల పెట్టింది. బియ్యం చెరుగుతున్న అత్తమ్మ చేట కిందపెట్టి లేచింది.

"ఏం ప్రమోషను బిడ్డా? కుర్చీ మారింది, గంతే. ఇల్లు ఎల్తనే లేదు. చాయ్ బంద్ వెట్టుకొని బతుకుతున్నం, దావత్ యాడ జేస్తం?"

జవాను వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఎదురింటి తల కిందికి దిగింది. అత్తమ్మ తలుపు దగ్గరకేసి పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టింది.

"నీకెప్పుడు ఎరుకైంది అత్తమ్మా?"

"జిలేబి తెచ్చిన్నాడే. వాని అంగీకి పాకం అంటింది, ఉతికి పిండింది నేనే గద! జీతం పెరగంది వాడు జిలేబి తెస్తడా? ఎప్పుడు చెప్తరో అని జూస్తున్న. మొండోళ్లు, చాయ్ బంద్ వెడితే గూడ చెప్పకపోతిరి."

"మరి నర్మెట్ట పోతనన్నవ్..."

"పోయి ఏం జెయ్యాలె? పొద్దుమీకి నువ్వు ఇంటికొచ్చి చెప్పేటి ఆఫీసు ముచ్చట్లు ఆడ ఎవ్వలు చెప్తరు?" అని చాయ్ వడపోస్తూ గొంతు తగ్గించింది. "వరి నాటుకు పోయేటప్పుడు మా అత్తకు నేను గూడ ఇల్లు ఎల్తలేదనే చెప్పిన. ఇంట్ల గింజలు నిండ ఉండె. ఆడోళ్లతోటి నవ్వుకుంట నాటేస్తె పానం మంచిగుండేది. గట్ల చెప్తే పోనిస్తరా?"

ఇప్పుడు అత్తమ్మ లేదు. నేను రిటైరై, భూపాలపల్లిలో కొడుకు దగ్గర మనవరాలిని ఆడిస్తున్నాను. కోడలు రోజూ ఉద్యోగానికి చెప్పులేసుకుంటూ, "ఒక్క జీతంతోని ఎల్తదా అత్తమ్మా" అంటుంది. మొన్న ఫ్రిజ్‌లో పాలకూర కింద మిఠాయి డబ్బా కనిపించింది. మావాడికి ప్రమోషనట, కోడలు ఫోన్‌లో ఎవరితోనో గుసగుసలాడుతుంటే నా చెవిన పడింది. నన్ను చూసి కూడా భయపడేవాళ్లున్నారా! పాలకూర మళ్లీ డబ్బా మీద కప్పి వచ్చి, డైరీ తీసి, తేదీ వేసి రాశాను: "ఇంకా చెప్పలేదు. నేను మాత్రం చాయ్ బంద్ పెట్టను."