కుర్చీకి చేతులొచ్చాక

కూర్చోవడం నాకు చేతకాదని తెలుసుకోవడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది. అదీ కూర్చుని చేసే ఉద్యోగంలో చేరిన పదేళ్ళకి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆ కుర్చీని అడిగి మరీ తెచ్చుకున్నది నేనే.

అరవైల మొదట్లో బెంగళూరులో నేను పనిచేసిన ప్రభుత్వ కార్యాలయంలో మనిషి హోదాని మొహం చూసి కాదు, కుర్చీ చూసి పోల్చేవాళ్ళు. కొత్త గుమాస్తాకి బెంచీ, కాస్త ముదిరితే చేతుల్లేని కుర్చీ, సీనియర్ అయితే చేతుల కుర్చీ. దానికోసం రెండేళ్ళు అర్జీలు పెట్టాను. వచ్చిన రోజున దాని చేతుల మీద నా చేతులు వేసుకుని, ఏ పనీ ముట్టకుండా ఒక పూటంతా గడిపాను. పని మొదలుపెట్టాక తెలిసింది, ఆ చేతులు మేజా సొరుగుకి కొట్టుకుంటున్నాయని. కుర్చీ లోపలికి పోదు. నాకూ కాగితానికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడూ నేనే వంగాలి.

వారం తిరక్కుండా నా కుదురు పోయింది. కాసేపు ఎడమకి ఒరిగి, కాసేపు కుడికి ఒరిగి, ఒక కాలు మడిచి, మళ్ళీ చాపి, దాహం లేకపోయినా నీళ్ళ కుండ దాకా వెళ్ళొచ్చి. నెల దాటేసరికి కుడి భుజం నుంచి చిటికెన వేలి దాకా తిమ్మిరి. పది వరుసలు రాస్తే కలం జారిపోయేది. మూడు నెలల్లో శాఖాపరీక్ష, మూడు గంటలు ఆగకుండా రాయాలి. తప్పానా, పైమెట్టు మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. కుర్చీకి చేతులొచ్చాయి, నాకున్న చెయ్యి పోయేలా ఉంది.

మా హెడ్ క్లర్కుది బెంగళూరు పాత పేటలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. నా అవస్థ ఆయనకి తమాషా.

"ఏమప్పా, కుర్చీలో చీమలుండాయా? రవంత కుదురుగా కూచోరాదా?"

"పాత కుర్చీయే ఇప్పించండి సార్. భుజం లాగేస్తోంది."

"ఇస్తానప్పా, దానికేముండాది? అయితే ఇది నీ కిందోడికి పోతాది. రేప్పొద్దున వాడు నేనే సీనియర్ అంటాడు. అప్పుడు నా దగ్గరికి రాబాక."

నా కిందివాడు అప్పటికే రాత ఆపి వింటున్నాడు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

మా పక్క వాటాలో గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ ఆసుపత్రిలో నర్సు. చెయ్యి విదిలించుకుంటూ వసారాలో పచార్లు చేస్తున్న నన్ను ఒకరోజు నిలబెట్టేసింది.

"అన్నయ్యగారూ, మందు సంగతి తర్వాత. ముందు మీరు ఆఫీసులో ఎలా కూర్చుంటారో చూపించండి."

చూపించాను, కుర్చీ గొడవంతా చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ ఆ మర్యాద కూడా పాటించలేదు.

"కుర్చీ వదలనంటే మేజానే లేపండి. మోచెయ్యి మేజా ఎత్తులో ఉండాలి, పాదాలు దేనిమీదైనా ఆనాలి, వెలుతురు ఎడమ నుంచి పడాలి. అరగంటకోసారి లేచి తిరగండి," అంది నర్సమ్మ.

"ఆ తిరగడం ఒక్కటీ నేర్పక్కర్లేదు వదినా," అంది మా ఆవిడ.

మర్నాడు సంచిలో నాలుగు ఇటుకలు వేసుకుని బస్సెక్కాను. మేజా కాళ్ళ కింద ఒక్కోటి పెట్టేసరికి కుర్చీ చేతులు బుద్ధిగా సొరుగు కిందికి దూరాయి. మేజా మాత్రం నా గుండెల దాకా వచ్చింది. మా ఆవిడ కొబ్బరిపీచు కూరి గట్టి దిండు కుట్టిచ్చింది. దాని మీద కూర్చుంటే కాళ్ళు గాలిలో వేలాడాయి. పాత ప్యాకింగ్ పెట్టె ఒకటి బోర్లించాను. ఇక వెలుతురు. మేజాని పక్కకి తిప్పితే కిటికీ ఎడమకి వచ్చింది, గది తలుపు సరిగ్గా నా ఎదురుగా వచ్చింది.

తిమ్మిరి రోజుకో వేలు చొప్పున వదిలింది. పరీక్షలో మూడు గంటలూ రాశాను, గంట కొట్టాక కూడా చెయ్యి ఆగనంది. గట్టెక్కాను.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఇటుకల మీద మేజా, దిండు మీద నేను, చేతుల కుర్చీ, తలుపుకి ఎదురుగా. అర్జీలతో వచ్చేవాళ్ళంతా నాకే నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. హెడ్ క్లర్కు నా వెనక మూలలో కూర్చుని దగ్గేవాడు.

"ఏమప్పా, నెప్పి పోయింది గదా, ఇంక దిగరాదా?"

"నర్సమ్మ ఒప్పుకోదు సార్."

ఒకరోజు దొడ్డబళ్ళాపురం నుంచి మగ్గాల పెద్దాయన ఒకరు వచ్చి, నన్నే అయ్యగారనుకుని, చెప్పులు బయట విడిచి, చేతులు జోడించి తన గోడు మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఒక్క మాటతో ఆపొచ్చు. ఆపలేదు. వెనక దగ్గు మూడుసార్లు వినిపించింది. పెద్దాయన చివరిదాకా చెప్పి కాగితం చాపాక, నేను ఎంతో వినయంగా కలంతో మూలకి చూపించాను.

"అయ్యగారు ఆయన. అదిగో, అక్కడ, కింద."