తన తప్పు తనే రాసి ఇచ్చిన మనిషి

మా చిన్న మావయ్య పోయాడు. మొన్న బుధవారం పొద్దున బెజవాడలో ప్రెస్సులో కూర్చుని, ఒక పెద్దమనిషిని చీల్చి చెండాడుతూ రాసిన వ్యాసానికి ప్రూఫులు దిద్దుకుంటుంటే నూజివీడు నుంచి ఫోనొచ్చింది. మావయ్య పక్కింటాయన. "మీ మావయ్యగారు ఇక లేరండీ. స్నానం చేసొచ్చి కుర్చీలో కూర్చున్నారు, అంతే" అన్నాడు. సరేనండీ అని ఫోను పెట్టేసి, మిగిలిన పేజీ దిద్దాను. అవును, దిద్దాను. ఆ తర్వాతే లేచాను. ఇది మీకు చెప్పకుండా దాచుకోవచ్చు. కానీ ఈసారి ఏదీ దాచుకోకూడదనే రాయడానికి కూర్చున్నాను.

మన పత్రిక చదివేవాళ్ళకి ఆయన కొత్త కాదు. రెండేళ్ళ కిందట "ఆకాశంలో ట్రాఫిక్ పోలీసు" అని నేనొక వ్యంగ్యం రాశాను, గుర్తుందా? బస్సు టిక్కెట్టుకు దిక్కులేని దేశంలో విమానమెక్కే దొరలకు దారి చూపించి, ఆ సేవలోనే తరించిన ఒక ఉద్యోగి కథ. తెగ నవ్వామని మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. ఆ ఉద్యోగి మా అమ్మ తమ్ముడే. పేరు వెయ్యలేదు కాబట్టి మర్యాద పాటించాననుకున్నాను.

ఆయన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. చాలా రద్దీగా ఉండే ఒక విమానాశ్రయంలో పని. దిగడానికి వచ్చే విమానాలను రాడార్ తెర మీద చూస్తూ, ఏది ఎంత వేగంతో రావాలో, ముందున్నదానికి ఎంత దూరంలో ఉండాలో పైలట్లకి రేడియోలో చెప్పాలి. రిటైరయ్యాక నూజివీడు వచ్చేసి, ఉన్న రెండెకరాల రసాల తోట చూసుకున్నాడు.

నా వ్యంగ్యం అచ్చయిన వేసవిలోనే వాళ్ళింటికెళ్ళాను. అరుగు మీద చిన్న రసాల బుట్ట పెట్టుకుని ఇద్దరం తింటున్నాం. "అల్లుడూ, నువ్వు రాసింది చదివాన్రా. నవ్వొచ్చింది. కానీ పని తప్పు రాశావు" అన్నాడు. "పోలీసు చెయ్యెత్తి ఆపుతాడు. నేనెవర్ని ఆపగలను? గాల్లో ఉన్నది ఆగదు. ఆగితే పడుద్ది."

చీకిన టెంకలు రెండు తీసి అరుగు మీద ఒకదాని వెనక ఒకటి పెట్టాడు.

"ఇది ముందు దిగేది. దిగబోతూ నెమ్మదిస్తుంది. వెనకదింకా దూకుడు మీదుంది. అప్పుడు మధ్య దూరం ఏమవుద్ది?"

"తగ్గుద్ది."

"అందుకని వెనకదాన్ని ఎక్కడో ఇరవై మైళ్ళ అవతలే నెమ్మదించమనాలి. మీదకొచ్చాక చెబితే ఏం లాభం? అలాగని మరీ నెమ్మదించమన్నా కుదరదు, రెక్కలు మొయ్యవు." తర్వాత ముందున్న టెంక తీసేసి, దాని చోట ఒక పెద్ద బంగినపల్లి టెంక పెట్టాడు. "పెద్ద విమానమైతే దాని వెనక గాలి సుళ్ళు తిరుగుద్ది. కంటికి కనపడదు. అది పోయాక కూడా కాసేపు అక్కడే ఉంటుంది. వెనకొచ్చేది చిన్నదైతే ఇంకా దూరంగా ఉంచాలి. లేకపోతే పల్టీ కొట్టించేస్తుంది."

"మరి పెద్దదానికి తెలీదా?"

"దానికెలా తెలుస్తుందిరా? అప్పటికే దిగి, జనాన్ని దింపుకుంటా ఉంటుంది."

అత్తయ్య లోపల్నుంచి అరిచింది. "ఎంగిలి టెంకలతో ఆ విమానాలేంటండీ, ఈగలు ముసురుతున్నాయి, పారెయ్యండి!"

ఆ దూరం లెక్క ఆయన ఒంట్లోకి ఇంకిపోయింది. సైకిలు మీద ఇంటికొస్తుంటే గేటు ఇంకా ఫర్లాంగుండగానే తొక్కడం మానేసేవాడు. బ్రేకు ముట్టుకోకుండా సరిగ్గా గేటు దగ్గర కాలు కింద పెట్టేవాడు. హనుమాన్ జంక్షన్ బస్సులో డ్రైవరు ముందు లారీకి ఆనుకుని పోతుంటే ఈయన కాలు తెలీకుండానే నేలని తొక్కేది. మాటల్లోనూ అంతే. ఎదుటివాడు ముగించాక ఒక ఊపిరి ఆగి అప్పుడు జవాబిచ్చేవాడు. "అవతలి మాటని పూర్తిగా దిగనియ్యరా" అనేవాడు. ఆ ఊపిరిపాటు ఖాళీని నేను పిరికితనం అనుకున్నాను. అందులోకి నా మాటలు తోసేవాణ్ణి.

ఇక అసలు సంగతి. ఒక వానరోజు సాయంత్రం, మావయ్య డ్యూటీలో ఉండగా, పెద్ద విమానం వెనక ఒక చిన్నది దిగడానికి వస్తోంది. పెద్దది అనుకున్నదానికన్నా ముందే నెమ్మదించింది. మధ్యలో ఉండాల్సిన దూరం కాస్త తగ్గింది. చిన్నదాన్ని "దిగొద్దు, ఇంకో చుట్టు తిరిగి రా" అని పంపెయ్యాలి. మావయ్య సరిపోతుందిలే అనుకున్నాడు. చిన్న విమానం నేల దగ్గరపడ్డాక ఒక పక్కకి ఒరిగిపోయింది. పైలట్ ఎలాగో నిలబెట్టుకుని దించాడు. ఎవరికీ గీత పడలేదు. ఈదురుగాలి అనుకుని పైలట్ థాంక్స్ కూడా చెప్పాడట. డ్యూటీ దిగకముందే మావయ్య కాగితం తీసుకుని, తప్పు నాదని పైవాళ్ళకి రాసిచ్చాడు. ఆయన్ని రాడార్ ముందు నుంచి లేపేశారు. రిటైరయ్యేదాకా మళ్ళీ ఆ కుర్చీ ఇవ్వలేదు.

"ఎవరూ చూళ్ళేదుగా మావయ్యా, ఎందుకు రాశావు?" అని ఆయన ఇది చెప్పిన రోజే అడిగాను.

ఒక ఊపిరి ఆగాడు. "రేపు ఆ కుర్చీలో ఇంకోడు కూర్చుంటాడు కదా. వాడూ సరిపోతుందిలే అనుకుంటాడు."

దీన్ని నేనేమన్నానో తెలుసా? బానిస మనస్తత్వం అన్నాను. తన మీద తనే ఫిర్యాదు రాసుకునే ఉద్యోగి దొరికితే ఏ ప్రభుత్వానికైనా పండగే అని, ఆయన పెట్టిన అన్నం తింటూ అన్నాను. ఆయన మజ్జిగ పోశాడు.

ఇప్పుడు నా సంగతి. పోయినేడు కోతల్లో, చాట్రాయి దగ్గర ఒక తోటలో కూలికొచ్చిన ఆడమనిషిని కాపలాదారు కర్రతో కొట్టాడని మన పత్రికలో రాశాను. విన్న సాయంత్రమే రాశాను, మర్నాడే అచ్చేశాను. పది రోజులకి ఆ దెబ్బ తిన్నామె ప్రెస్సుకొచ్చింది. "అదేంటండీ అలా రాశారు? కొట్టింది తోట ఆసామి. కాపలా ఆయన అడ్డమొచ్చి రెండో దెబ్బ తను తిన్నాడు" అంది. ఈలోపే ఆ ఆసామి నా పత్రికే చేత్తో పట్టుకుని, నీలాంటోడు మాకొద్దని కాపలాదారుని, అతని భార్యని తోటలో గుడిసె నుంచి వెళ్ళగొట్టాడు. భూస్వాముల మీద పాతికేళ్ళుగా రాస్తున్న నేను, ఒక భూస్వామి చేతికి అలా పనికొచ్చాను.

సవరణ వెయ్యలేదు. వేస్తే పత్రిక పరువు పోతుందని, అవతలివాళ్ళకి ఆయుధం అందించినట్టవుతుందని నాకు నేనే ఉపన్యాసమిచ్చుకున్నాను. ఈ ఎండాకాలం మావయ్యకి చెబితే ఒకటే అడిగాడు. "సవరణ వేశావా?"

"పోరాటమన్నాక చిన్న చిన్న పొరపాట్లుంటాయి మావయ్యా."

ఈసారి ఒక ఊపిరి కూడా ఆగలేదు ఆయన. "నువ్వు దిగిపోయావు, సరే. నీ వెనక గాలి ఎవడికి తగిలిందో తిరిగి చూశావా?"

పెద్ద గొంతేసుకుని వాదించి, భోజనానికి కూర్చోకుండా బస్సెక్కేశాను. అదే ఆఖరి చూపు.

కాబట్టి ఇది చదవండి. ఆ కాపలాదారు ఎవర్నీ కొట్టలేదు. కొట్టినవాడు తోట ఆసామి. తెలుసుకోకుండా రాసింది నేను. తెలిశాక ఏడాది పాటు నోరు మూసుకున్నదీ నేనే. ఆయన బతికుండగా ఈ నాలుగు ముక్కలు రాసుంటే ఆయనకి చూపించేవాణ్ణి. ఇప్పుడెవరికి చూపించను?

చూపించాల్సినవాళ్ళు ఉన్నారు. నిన్న ఈ నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని బాపులపాడు వెళ్ళాను. ఆ కాపలాదారు, ఆయన భార్య ఇప్పుడక్కడ ఉంటున్నారు. ఆయన వాకిట్లో కూర్చుని వెదురు తట్ట అల్లుతున్నాడు. నేనెవరో చెప్పుకున్నాను. లేవలేదు, పొమ్మనలేదు. చదువుతానన్నాను.

"ఇప్పుడొద్దండీ. మా ఆవిడ కోతకెళ్ళింది. గుడిసె లోంచి సామాన్లు బయటికేసుకుంది ఆవిడే. వచ్చాక చదవండి" అన్నాడు.

నేల మీద కూర్చున్నాను. మూడు గంటలు. ఎండకి చేతులు చెమటలు పట్టి, కాగితం మీద సిరా వేళ్ళకంటింది. ఆమె వచ్చింది. చెంప మీద మామిడి సొన కాల్చిన మచ్చలు, తల మీద రాలుకాయల తట్ట. భర్త సంగతి చెప్పాడు. ఆమె నన్ను చూసింది.

"చదవండి" అంది. తట్ట దించకుండా, ఒక చెయ్యి దాని అంచు మీద వేసుకుని, అలాగే నిలబడి వింది.